స్టేషను ప్లాటుఫారముమీది అదృష్టము

విజయవాడ రైలుస్టేషనునుగూర్చి మన ప్రాంతపు పెద్దలు చెప్పుకొను కథ యొకటి కలదు. నాటకములలో వేషములు వేయు పల్లెటూరి యువకుడొకడు ఆ ప్లాటుఫారముమీద నుండగా చిత్రనిర్మాత ఘంటసాల బలరామయ్యగారి కన్ను అతనిపై పడినది. పిలిచి మాటలాడిరి, మద్రాసునకు రమ్మనిరి. 1944వ సంవత్సరమున ‘శ్రీ సీతారామ జననము’ అను చిత్రమునందు ఆ యువకుడే శ్రీరాముడయ్యెను. గుడివాడ సమీపమున రామాపురములో రైతుకుటుంబమున జన్మించిన అక్కినేని నాగేశ్వరరావుగారి కథ యిది. కథలో అసత్యమేమియు లేదు. కాని దానిని మనము చెప్పుకొను తీరులో దోష మొకటి కలదనియు, ఆ దోషము నేటికిని మన పిల్లల బ్రతుకులకు తగులుచున్నదనియు నా అభిప్రాయము.

ఈ కథను గృహస్థులు రెండు విధముల ఉపయోగించుట నేను తఱచు వినుచుందును. కుమారుడు చిత్రలేఖనము నేర్తునన్నను, కుమార్తె నాట్యము వృత్తిగా స్వీకరింతునన్నను, “అందఱికీ బలరామయ్యగారు కనబడతారా?” అని యొక తండ్రి గద్దించును. “రాసిపెట్టి ఉంటే స్టేషనులోనైనా వస్తుంది, ముందు ఇంజనీరింగు కానియ్యి” అని మఱియొక తండ్రి బుజ్జగించును. గద్దింపునకును బుజ్జగింపునకును మూలమొక్కటే: కళవలన బ్రతుకుట అదృష్టమువలన కలుగునదే కాని, ఎవరును ఏర్పఱుపదగినది కాదని. అదృష్టమైనచో దానికి బాధ్యులెవరును ఉండరు. తల్లిదండ్రులు ఉండరు, ఊరు ఉండదు, బడి ఉండదు. కథలోని మాధుర్యమంతయు ఈ సౌకర్యమునందే యున్నది.

ఆ యువకుడు ప్లాటుఫారముమీదికి వచ్చుటకు ముందేమి జరిగినదో చూడుడు. చిన్ననాటనే నాటకములలో స్త్రీపాత్రలు ధరించెను. దుక్కిపాటి మధుసూదనరావుగారి నాటకబృందము అతనికి శిక్షణ నిచ్చినది, వేషములిచ్చినది, నాలుగూళ్ళ సభలయెదుట నిలువబెట్టినది. ఆ మధుసూదనరావుగారే తరువాత 1951లో అన్నపూర్ణా పిక్చర్సు స్థాపించి ఆ స్నేహమును నిలుపుకొనిరి. గుడివాడ, ముదినేపల్లి ప్రాంతపు రైతులు రాత్రివేళ చాపలు పఱచుకొని ఆ నాటకములు చూచిరి. బాగుగా లేనినాడు గోల చేసిరి. బలరామయ్యగారు స్టేషనులో చూచినది ముడిమట్టిని కాదు, ఆ గోలలో కాలిన కుండను. చూపునకు ఒక నిమిషము చాలినది. కుండ కాలుటకు ఏండ్లు పట్టినవి. మనము నిమిషమును కథగా చెప్పుకొనుచు ఏండ్లను మఱచితిమి.

ఇది ఒక్క నటుని విషయమే యని తలపకుడు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో మైలవరము జమీందారులు విజయవాడలో బాలభారతీ నాటకసమాజమును నడిపి నటులకు నెలజీతములిచ్చిరి. యడవల్లి సూర్యనారాయణగారివంటి మేటినటులు అందుండిరి. నెలజీతమను మాటను చదువరులు తేలికగా దాటిపోరాదని మనవి. జీతముగల సమాజమున మేటినటుడే కాక, రెండు మాటలు పలికి తెరవెనుకకు పోవు ద్వారపాలకుడును భోజనము చేయును. ఆ ద్వారపాలకుడే నాలుగేండ్లకు నక్షత్రకుడగును, పదేండ్లకు హరిశ్చంద్రుడగును. కళను నేర్చుకొనువానికి కావలసినది ఇదియే: ఇంకను పూర్తిగా చేతకాని దినములలో, చేతనైనంత పని చేసి, దానికి తగిన కూలి పుచ్చుకొనుటకు ఒక చోటు. ఆ సమాజములను నేను స్వర్గముగా వర్ణింపబోవుటలేదు. అప్పులు, తగవులు, వ్యసనములు అందు కలవు. నాటకములవానికి పిల్లనిచ్చుటకు ఊరు వెనుదీసెడిది. అయినను ఆ చోటు ఉండెడిది. 1921లో విజయవాడలో మారుతీ సినిమా వెలసినది. తరువాత తెరమీది బొమ్మకు మాటయు వచ్చినది. నాటకపు పందిళ్ళు క్రమముగా పలుచబడినవి. సినిమా నటులను తీసికొనిపోయినది కాని, ద్వారపాలకులను తయారుచేయు పనిని తాను స్వీకరింపలేదు.

ఇక గానమునకు వత్తము. చౌటపల్లెలో 1922లో జన్మించి బాల్యమున తండ్రిని కోల్పోయిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీతము నేర్చుటకు విజయనగరము పోయి, మధుకరమెత్తి పొట్ట పోసికొనిన కథ ఎఱుగని తెలుగువారరుదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు శిష్యుని వాత్సల్యముతో చేరదీసి విద్య గఱపిరి. ఈ కథనుకూడ మనము పట్టుదలకు దృష్టాంతముగా పిల్లలకు బోధింతుము. నేనును తరగతిలో అట్లే బోధించితిని. ఒకనాడు వెనుకబల్లనుండి ఒక పిల్ల లేచి, “మాష్టారూ, నన్ను జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళనిస్తారాండీ?” అని యడిగినది. తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు.

ఏలయన, మధుకరమును వారములును నిజముగా ఒక ఏర్పాటు. విద్యార్థి ఒక్కొక్క దినము ఒక్కొక్క యింట భుజించుట, లేక యింటింట అన్నము స్వీకరించుట యను ఆచారముచే ఊరు ఊరంతయు విద్యకు చందా కట్టెడిది. ఎవరి తలమీదను పెద్ద బరువు పడెడిది కాదు. దీనిని కనిపెట్టినవారు తెలివైనవారు. కాని ఆ అన్నము ఎవరి జోలెలో పడెడిది? బ్రాహ్మణ బాలుని జోలెలో. మాలపల్లెలో శ్రుతి తప్పని గొంతు పుట్టియుండవచ్చును. దానికి వారములిచ్చు వీధి లేకపోయెను. బాలికకు ఆ వీధులే మూసియుండెను. కూచిపూడి భాగవతమేళములలో స్త్రీపాత్రలనుకూడ పురుషులే ధరించిరి. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారివంటివారు ఆ కట్టు దాటి స్త్రీలకు నాట్యము నేర్పుట కొంతకాలమునకు జరిగినది. తరతరములుగా గాననాట్యములను వృత్తిగా నిలిపిన కళావంతుల కుటుంబములను గూర్చి మన సంస్కర్తలు చేసినది మిశ్రమముగా నున్నది. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనము వచ్చినది. అది రావలసినదే. కాని అన్యాయమును తొలగించిన చేతితోనే ఆ స్త్రీల విద్యకు గౌరవప్రదమైన వేతనస్థానమును చూపవలసియుండెను. పాత వాకిలి మూసితిమి, కొత్త వాకిలి తెఱచుట మఱచితిమి. సంస్కరణాభిమానులమైన మనము ఈ ముక్క అంగీకరించుట మంచిది.

కొత్త వాకిలి యొకటి వేఱొక దిక్కునుండి తెఱచుకొన్నది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. కాలే జమీందారులు లేరు, జోలె పట్టవలసిన పని లేదు. పాడగలవారు పరీక్షకు పోవచ్చును, నిలిచినచో పారితోషికము చేతికి వచ్చును. నిలయవిద్వాంసులైనవారికి నెలజీతమే వచ్చును. పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారి శిష్యుడై, ఎనిమిదేండ్ల ప్రాయముననే ఈ నగరమున కచేరి చేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఈ కేంద్రమున పనిచేసిరి. భక్తిరంజని యను ప్రాతఃకాల కార్యక్రమము ఇంటింట కాఫీతోపాటు అలవాటైనది. బాలమురళి వంటివారు రేడియో లేకున్నను వెలుగుదురని అనవచ్చును. నేనాలోచించునది వారి ప్రక్కన తంబుర పట్టినవారిని, వయొలిను వాయించినవారిని, నాటకములలో ముసలివాని గొంతు పలికినవారిని, స్త్రీల కార్యక్రమమునకు నెలకొక ప్రసంగము వ్రాసి పంపి చిన్న చెక్కు అందుకొన్న గృహిణులను గూర్చి. ఒక కార్యాలయము, ఒక ధ్వనిగది, ఒక చెల్లింపుల గుమాస్తా: ఈ మూడింటిచే ఎన్ని సంసారములు సంగీతమును నమ్ముకొనగలిగినవో! చెల్లింపుల గుమాస్తాను మన సాహిత్యచరిత్రలలో ఎవరును పేర్కొనరు.

చిత్రకళలో మన భాగ్యము ఇంతకంటె సన్నము. గోదావరికి ఆవల రాజమహేంద్రవరమున ప్రభుత్వకళాశాల ప్రధానాధ్యాపకుడైన ఆస్వాల్డు కూల్డ్రే దొర దామెర్ల రామారావుగారి చేతిలోని శక్తిని గుర్తించి, బొంబాయి జె. జె. చిత్రకళాశాలకు పోవుటకు తోడ్పడెను. దొర తలపెట్టినది గొప్ప కార్యమే. రామారావుగారు తిరిగివచ్చి రాజమహేంద్రవరమున తాము నేర్చినది పదిమందికి నేర్పదొడగిరి. 1925లో, ఇంకను ముప్పదియేండ్లు నిండకమునుపే, మశూచికమునకు బలియైరి. ఒక్క దొర, ఒక్క శిష్యుడు, ఒక్క వ్యాధి. ఇంత సన్నని దారముమీద ఒక జాతి చిత్రకళ వ్రేలాడరాదు. బందరులో కోపల్లె హనుమంతరావుగారును, ముట్నూరి కృష్ణారావుగారును, పట్టాభి సీతారామయ్యగారును కలిసి 1910లో నెలకొల్పిన ఆంధ్ర జాతీయకళాశాల ఈ సంగతిని ఎఱిగినది. అక్కడ అక్షరవిద్యతోపాటు చేతిపనులు నేర్పిరి. వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని రప్పించి చిత్రకళ చెప్పించిరి. అడివి బాపిరాజుగారు అక్కడ ఆయనవద్ద నేర్చినవారే. చేతిపనిని పుస్తకమువలెనే గౌరవించినందున అక్కడి చిత్రకారుడు తాను పనికిరాని వాడనని అనుకొనవలసిన అవసరము లేకపోయెను. పని నేర్చినవానికి పని చూపుటలోమాత్రము ఆ పెద్దలును పూర్తిగా కృతకృత్యులు కాలేదు. దేశమే వారికి ఆ అవకాశమీయలేదు.

ఇక్కడ ఒక్కమాట కొండపల్లి బొమ్మలవారినిగూర్చి. తెల్లపొణికి కఱ్ఱ చెక్కుచు, చింతగింజల ముద్దతో అతుకుచు బ్రతుకు ఆ యిండ్లలో ఈ చిక్కు లేదు: నేర్చుకొను పిల్లవాడు నునుపు చేసిన ఏనుగు తొండముకూడ అంగడికి పోవును. విద్యయు వేతనమును ఒక అరుగుమీదనే కూర్చుండును. వేతనము చాలదు, నిజమే. ఆ యరుగు అన్యులకు తెఱచియుండలేదు, అదియు నిజమే. అయినను మన కళాశాలల పెద్దలు ఒక పూట ఆ యరుగుమీద కూర్చుండి చూచివచ్చుట మేలు.

నేటి స్థితికి వచ్చితిని. నేడు మనము యువకళాకారునకు ఇచ్చునది ముఖ్యముగా శాలువ. శాలువ, జ్ఞాపిక, ప్రశంసాపత్రము, ఛాయాచిత్రము. పోటీలు పెట్టుదుము, ప్రథమ బహుమతి ఇత్తుము, న్యాయనిర్ణేతగా నేనును పలుమాఱులు కూర్చుంటిని. పేరు వచ్చిన తరువాత సన్మానములు వెల్లువగా వచ్చును. ఆంగ్ల పండితుడు జాన్సను 1755లో చెస్టర్‌ఫీల్డు ప్రభువునకు వ్రాసిన లేఖలో ఈ జాతి పోషకులనే ఎత్తిపొడిచెను: మునుగుచున్నవానిని గట్టుమీదనుండి చూచుచుండి, తానై ఈది యొడ్డు చేరిన వెనుక సాయముతో అడ్డుపడువారని అతని భావము. మన సన్మానసభల వేదికలమీద ఆ లేఖను పటము కట్టించి వ్రేలాడదీయవచ్చును.

ప్రభుత్వము ఏమియు చేయుటలేదనుట అన్యాయము. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖవారి పథకమున 18 మొదలు 25 సంవత్సరముల వయస్సుగల కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లు వేతనమిత్తురు. దేశమంతటికిని ఏడాదికి 400 మందికి అవి దక్కును. ఊహ మంచిది, నడిమి సంవత్సరములను గుర్తించిన ఊహ. కాని హైదరాబాదులో గది యద్దెకును రెండుపూటల భోజనమునకును ఆ ధనము చాలదు, తెలుగు పల్లెలన్నిటికిని వచ్చు వంతు ఎంతో చదువరులే లెక్కింపగలరు. మిగిలినవారికొఱకు పుట్టినవి ప్రైవేటు శిక్షణాలయములు. నటన మూడు మాసములు, బొమ్మలను కదలించు విద్య ఆఱు మాసములు, ముందుగా రుసుము. కొన్నింటిలో నిజముగా నేర్పుదురు. చాలవానిలో పత్రమును అమ్ముదురు. ఒకప్పుడు నేర్చుకొనువానికి సమాజము నెలజీతమిచ్చెను. ఇప్పుడు నేర్చుకొనువాడే నెలనెల కట్టుచున్నాడు. ఈ తలక్రిందులైన లెక్కను ప్రగతి యనుట నా చేత కాదు.

కళను కూలితో ముడిపెట్టుట నీచమని కొందఱు పెద్దలు నన్ను మందలింపవచ్చును. వారు వెంటనే పోతనను ఉదాహరింతురు. కృతిని రాజులకీయని మహానుభావుడందురు. పోతన హాలికుడని చెప్పుకొనుచునే వానికి పొలముండెనని మఱచుట చిత్రము. పొలము లేని పిల్లవాడు ఎవరిని నమ్ముకొనవలెను? మమ్మటుడు కావ్యప్రయోజనములను లెక్కించునప్పుడు కీర్తి వెనువెంటనే ధనమును పెట్టినాడు. అలంకారశాస్త్రమునకు సిగ్గు కలుగలేదు. మనకే కలుగుచున్నది. అదియు ఇచ్చునప్పుడుమాత్రమే.

నా తప్పును చెప్పుకొందును. పామర్రు దగ్గఱి పల్లెనుండి వచ్చి మా బడిలో చదివిన బాలుడొకడు చక్కగా బొమ్మలు వేసెడివాడు. కాలువ లాకులు, ఊడ్పుచేలలో వంగిన ఆడువారు, ధాన్యపు బస్తాలమీద నిద్రించు హమాలీ: ఇట్టివి చూచినట్లు గీసెడివాడు. వార్షికోత్సవమునకు ముంగిటి గోడమీద పెద్ద చిత్రము కావలసివచ్చినది. నేనే వాని పేరు చెప్పితిని. పండ్రెండు దినములు సాయంకాలము దీపము వెలిగించుకొని వేసినాడు. సభలో శాలువ కప్పితిమి, ముఖ్య అతిథి మెచ్చుకొనెను, చప్పట్లు మ్రోగినవి. పదిదినముల తరువాత వాడు పైచదువునకు చిత్రకళ తీసికొందునన్నాడని, తండ్రికి నచ్చజెప్పుటకు నేను వారి యింటికి పోయితిని.

ఆయన అరుగుమీద కుర్చీ వేసి మజ్జిగ తెప్పించి, నేను చెప్పినదంతయు విన్నాడు. విని యిట్లన్నాడు: “మాష్టారూ, మావాడి బొమ్మలు బాగున్నాయని మీరంతా అంటారు. నేను కాదనను. అన్నవాళ్ళలో ఒక్కరన్నా వంద రూపాయలు పెట్టి ఓ బొమ్మ కొన్నారాండీ? ఆ గోడకి వెల్ల వేసినాయనకి రోజుకూలి ఇచ్చారు. దాని మీద బొమ్మేసిన మావాడికి శాలువా కప్పారు.” లోపలినుండి ఆయన భార్య, “ఊరుకోండి, మాష్టారు గారితోనా ఆ మాటలు!” అని వారించినది, ఆ శాలువ గుమ్మము ప్రక్క దండెమున వ్రేలాడుచుండెను.

నాకు సమాధానము లేకపోయెను. ఇన్నేండ్లుగా తల్లిదండ్రుల సంకుచితత్వమునుగూర్చి ఉపన్యసించిన నేను, ఆ రైతు తన కుమారుని కళను శంకింపలేదనియు, మా చెల్లింపునే శంకించెననియు ఆ యరుగుమీద తెలిసికొంటిని. ఆయన లెక్క సరియైనదే. మనవాడేకదా, పిల్లవాడేకదా, పేరు వచ్చునుకదా యని మనము యువకులచే ఉచితముగా చేయించుకొను పనులను ఒకసారి తలచుకొనుడు. పెండ్లిలో భోజనముల కాంట్రాక్టరునకు బయానా ముందే ముట్టును. శుభలేఖకు బొమ్మ గీసిన మేనల్లునకును, రాత్రంతయు మేలుకొని పెండ్లి చలనచిత్రమును కత్తిరించి కూర్చిన పినతండ్రి కొడుకునకును, సంగీత్ నాడు పాడిన వదినగారి చెల్లెలికిని “థాంక్స్ రా,” “థాంక్స్ అమ్మా” అందుము. ఏలూరురోడ్డు పుస్తకప్రచురణకర్తలలో కాగితమునకును అచ్చునకును బేరమాడి చెల్లించి, ముఖచిత్రము వేసిన కుఱ్ఱవానికి నాలుగు ప్రతులిచ్చి పంపువారు లేరని ఎవరైన చెప్పగలరా? కాగితమువానికి ప్రతులిచ్చి చూడుమనుడు! మొదటి కూలి పుట్టవలసినది మద్రాసులోనో హైదరాబాదులోనో కాదు, ఇట్టి చోట్లనే. పెద్ద మొత్తము కానక్కరలేదు. ముందుగా మాటాడుకొన్నదై, పని ముగిసిననాడు ముట్టినదై, చీటీమీద వ్రాసినదై యుండవలెను. ఆ చీటీ వానికి రెండవ పనిని తెచ్చును. తండ్రికి ధైర్యమును తెచ్చును. శాలువకు ఆ శక్తి లేదు.

వాడు చివరకు కంప్యూటరు చదువులో చేరి, రాత్రులు బొమ్మలు నేర్చి, ఇప్పుడు హైదరాబాదులో కదలు బొమ్మలు తీయు సంస్థ యొకదానిలో పనిచేయుచున్నాడు. ఆ యుద్యోగమునకు పోయినప్పుడు, ఇంతకుముందు కూలి పుచ్చుకొని చేసిన పని ఏదైన చూపుమనిరట. గోడ ఛాయాచిత్రము చూపెనట. ఎంత ఇచ్చిరని అడిగిరట. ఏమి చెప్పితివని నేను అడుగలేదు, వాడును చెప్పలేదు.

ఈ సంవత్సరము వార్షికోత్సవపు ఖర్చుల పట్టికలో పందిరికి, మైకునకు, ఫలాహారములకు క్రింద, “గోడచిత్రము వేయు విద్యార్థికి: 6,000 రూపాయలు” అని నేనొక పంక్తి వ్రాసితిని. అది అనవసరమనియు, ఆ సొమ్ముతో నలువదిమందికి జ్ఞాపికలు వచ్చుననియు కమిటీలో ఒకరు అన్నారు. పట్టిక ఇంకను వారివద్దనే యున్నది.